గన్నవరం నుంచి విశాఖకు 290 కిలోమీటర్లే అయితే టికెట్టు మీద గంటా పది నిమిషాలు ఎందుకు?

విజయవాడ, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య దూరాన్ని ఒక వెబ్‌సైటు 290 కిలోమీటర్లుగా, మరొకటి 350 కిలోమీటర్లుగా చూపిస్తున్నదనీ, ప్రయాణ సమయం ఒకచోట 52 నిమిషాలని ఉంటే టికెట్టు మీద గంటా పది నిమిషాలని ఉన్నదనీ, వీటిలో దేనిని నమ్మి మీ నాన్నగారి ఆసుపత్రి ప్రయాణం ఖాయం చేసుకోవాలనీ మీరు అడిగారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఆయన ఎక్కువసేపు ఒకేచోట కూర్చోలేరనీ, విశాఖలో మధ్యాహ్నం మూడు గంటలకు డాక్టరును కలవవలసి ఉన్నదనీ కూడా రాశారు. విమానాల ప్రయాణ ప్రణాళికలు వేసే పనిలో చాలా ఏళ్లు గడిపినవాణ్ణి కనుక ఈ అంకెలు ఒక్కొక్కటి ఎక్కడి నుంచి వచ్చాయో వివరంగా చెబుతాను. అవి ఎలా పుట్టాయో తెలిస్తే రేపు రాజమహేంద్రవరం నుంచి తిరుపతికి వెళ్లవలసి వచ్చినా ఇంకొకరిని అడగనక్కరలేకుండా మీరే లెక్క వేసుకోగలుగుతారు.

ముందుగా దూరం సంగతి చూద్దాం. 350 కిలోమీటర్లు అనేది రైలు మార్గపు దూరం. పదహారవ నంబరు జాతీయ రహదారి మీద కూడా ఇంచుమించు అంతే వస్తుంది. 290 కిలోమీటర్లు అనేది రెండు విమానాశ్రయాల మధ్య భూమి ఉపరితలం మీద కొలిచిన అతి తక్కువ దూరం. గన్నవరం విమానాశ్రయం సుమారు 16.53 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80.80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది; విశాఖ విమానాశ్రయం 17.72 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.22 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. అంటే విశాఖ 1.19 డిగ్రీలు ఉత్తరంగానూ, 2.42 డిగ్రీలు తూర్పుగానూ ఉన్నదన్నమాట. మన ప్రాంతంలో ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 110.6 కిలోమీటర్లు, రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కనుక పదిహేడు డిగ్రీల అక్షాంశం వద్ద ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 106.4 కిలోమీటర్లకు తగ్గుతుంది. కాబట్టి ఉత్తరంగా 132, తూర్పుగా 258 కిలోమీటర్లు. ఇక మిగిలినది బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజమే: ఈ రెండింటి వర్గాలను కలిపి వర్గమూలం తీస్తే 290 వస్తుంది. వేల కిలోమీటర్ల దూరాలకు భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకునే గోళీయ సూత్రం కావాలి గాని, మన రాష్ట్రంలోని ఏ రెండు విమానాశ్రయాల మధ్యనైనా ఈ త్రిభుజమే చాలినంత ఖచ్చితంగా ఉంటుంది. విమానయానంలో వాడే కొలత అయిన నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, ఆ లెక్కన ఈ దూరం సుమారు 157 నాటికల్ మైళ్లు.

ఇక 52 నిమిషాల అంకె. దూరం చూపించే వెబ్‌సైట్లు చాలావరకు ఒకే పద్ధతి పాటిస్తాయి: విమానం గంటకు 500 మైళ్లు, అంటే 805 కిలోమీటర్ల సగటు వేగంతో పోతుందని అనుకొని, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ కలిపి ఒక అరగంట చేరుస్తాయి. 290 కిలోమీటర్లకు ఆ వేగంతో దాదాపు 22 నిమిషాలు పడుతుంది. దానికి 30 కలిపితే 52. హైదరాబాదు నుంచి ఢిల్లీకి వెళ్లేటప్పుడు ఈ లెక్క నిజానికి చాలా దగ్గరగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ప్రయాణంలో అధిక భాగం పై ఎత్తులో పూర్తి వేగంతో సాగుతుంది. మూడు వందల కిలోమీటర్ల లోపు ప్రయాణాలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ఇంత తక్కువ దూరంలో విమానానికి పూర్తి వేగం అందుకొనే అవకాశమే దాదాపు ఉండదు.

అది ఎందుకో కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇక్కడే ఉన్నది. ఎయిర్‌బస్ 320 వంటి జెట్ విమానం దూర ప్రయాణంలో 35,000 అడుగుల పైన గంటకు 830 కిలోమీటర్ల వేగంతో పోతుంది. పదివేల అడుగుల లోపు మాత్రం సాధారణంగా 250 నాట్లకు, అంటే గంటకు 463 కిలోమీటర్లకు, మించకూడదనే నియమం ఉన్నది. దిగేటప్పుడు పైలట్లు వాడుకొనే ఒక మోటు లెక్క ఏమిటంటే, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు మూడు నాటికల్ మైళ్ల దూరం ముందుగానే దిగడం మొదలుపెట్టాలి. విమానం 23,000 అడుగులకు చేరిందనుకుంటే దిగడానికే దాదాపు 70 నాటికల్ మైళ్లు కావాలి, వేగం తగ్గించుకోవడానికి ఇంకొక ఐదు పది మైళ్లు. ఆ ఎత్తుకు ఎక్కడానికి దాదాపు 60 మైళ్లు పడుతుంది. మొత్తం 157 మైళ్లలో నూటముప్పై అయిదు, నూటనలభై మైళ్లు ఎక్కడానికీ దిగడానికే సరిపోతే, సమతలంగా ఎగరడానికి మిగిలేది ఇరవై మైళ్లే, అంటే మూడు నాలుగు నిమిషాలు. అందుకే ఈ మార్గంలో విమానాలు ఇరవై, ఇరవై అయిదు వేల అడుగులు దాటి పైకి పోవడానికి సాధారణంగా ప్రయత్నించవు. సీటు బెల్టు దీపం ఆరిపోయిందో లేదో మళ్లీ వెలుగుతుంది. మంచినీళ్ల సీసాలు ఇచ్చే సిబ్బంది హడావిడిగా నడవడానికి కారణం కూడా ఇదే.

పైగా విమానం ఆ 290 కిలోమీటర్ల సరళరేఖ మీద పోదు. గన్నవరంలో రన్‌వే 08, 26 దిశలలో ఉన్నది, అంటే ఒక చివర నుంచి బయలుదేరితే దాదాపు తూర్పుకు, రెండో చివర నుంచి బయలుదేరితే దాదాపు పడమరకు ముఖం ఉంటుంది. విశాఖ గన్నవరానికి ఈశాన్యంగా, దిక్సూచి మీద దాదాపు 63 డిగ్రీల దిశలో ఉన్నది. గాలి తూర్పు నుంచి వీచే రోజున విమానం తూర్పు ముఖంగా లేచి కొంచెం ఎడమకు తిరిగితే చాలు. గాలి పడమర నుంచి వీచేటప్పుడు, అంటే నైరుతి రుతుపవనాల నెలల్లో తరచుగా, పడమరకు లేచి వెనక్కి తిరిగి రావాలి. దీనికి మూడు నాలుగు నిమిషాలు అదనం.

విశాఖ చివర ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. అక్కడి రన్‌వే 10, 28 దిశలలో ఉన్నది. విమానాశ్రయం చుట్టూ కొండలు ఉన్నందువల్ల చాలా సందర్భాల్లో విమానాలు సముద్రం వైపు నుంచి వచ్చి, నగరం మీదుగా పడమర ముఖంగా దిగుతాయి. మీరు వచ్చేది నైరుతి దిక్కు నుంచి కనుక, ఆ పద్ధతిలో దిగాలంటే విమానాశ్రయాన్ని దాటి సముద్రం మీదికి పోయి, అక్కడ వేగం తగ్గించుకొని, వెనక్కి తిరిగి రన్‌వేకు వరుస కలుపుకోవాలి. కిటికీలోంచి సముద్రమూ ఓడరేవూ కనబడిన తరువాత కూడా ఇంకా ఎందుకు దిగలేదని ప్రయాణికులు అడుగుతూ ఉంటారు. అందుకు కారణం ఈ చుట్టు. దీనివల్ల ముప్పై, నలభై కిలోమీటర్లు సులువుగా పెరుగుతాయి. రెండు చివరల చుట్లూ కలిపితే విమానం నిజంగా ఎగిరే దారి 340 కిలోమీటర్ల దాకా వెళ్తుంది. అంటే ఇటువంటి రోజున ఆకాశంలో పోయే దూరానికీ రైలు పోయే దూరానికీ పెద్ద తేడా ఉండదు.

తిరుగు ప్రయాణం ఇంత చుట్టు కాదు. విశాఖ నుంచి వచ్చే విమానం గన్నవరంలో పడమర ముఖంగా దిగవలసి వస్తే అది వస్తున్న దారికీ రన్‌వే దిశకూ పెద్ద తేడా ఉండదు కనుక దాదాపు నేరుగా దిగిపోతుంది. ఒకే మార్గంలో పోయేటప్పటికీ వచ్చేటప్పటికీ ఐదారు నిమిషాల తేడా కనబడితే, గాలి ఎదురైందనో వెనుక నుంచి తోసిందనో చాలామంది అనుకుంటారు. గంటకు నలభై కిలోమీటర్ల ఎదురుగాలి కూడా ఇంత చిన్న ప్రయాణంలో మూడు నాలుగు నిమిషాలకు మించి తేడా తీసుకురాదు. అసలు తేడా రన్‌వే దిశ వల్లనే ఎక్కువగా వస్తుంది.

ఇప్పుడు టికెట్టు మీది గంటా పది నిమిషాలకు వద్దాం. గాలిలో ఉండే సమయం జెట్ విమానానికి ఈ మార్గంలో సుమారు 38 నుంచి 42 నిమిషాలు. టికెట్టు మీద వేసేది ఈ సమయం కాదు. దానిని మేము బ్లాక్ టైమ్ అంటాం. విమానం నిలిపిన చోటు నుంచి మొదటిసారి కదిలినప్పటి నుంచి, గమ్యంలో నిలిచి చక్రాలకు అడ్డు పెట్టే వరకు గడిచే కాలం అది. వెనక్కి నెట్టడం, ఇంజన్లు ఆన్ చేయడం, రన్‌వే వరకు నేల మీద నడవడం, అక్కడ అనుమతి కోసం ఆగడం కలిపి పది పన్నెండు నిమిషాలు. దిగిన తరువాత నిలిపే చోటికి చేరడానికి ఐదారు నిమిషాలు. ఇవన్నీ కలిపితే గంట. మిగిలిన పది నిమిషాలు సంస్థలు జాగ్రత్త కోసం చేర్చుకొనేవి. నిర్ణీత సమయానికి పదిహేను నిమిషాల లోపు జరిగితే సమయానికి నడిచినట్లే లెక్క వేస్తారు కనుక, ఆ లెక్కలో వెనుకబడకుండా ఉండేందుకు ప్రతి సంస్థా కొంత వెసులుబాటు ఉంచుకుంటుంది. దీనిని మోసంగా చూడవద్దని నా మనవి. ఒకే విమానం రోజుకు ఐదారు నగరాలు తిరుగుతుంది. ఉదయం పోయిన పది నిమిషాలు సాయంత్రానికి గంట అవుతాయి.

విశాఖ విషయంలో ఈ వెసులుబాటుకు ఇంకొక గట్టి కారణం ఉన్నది. ప్రస్తుతం నగరంలో ఉన్న విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో పౌర విమానాలకు కేటాయించిన భాగం. విమానాల రాకపోకల నియంత్రణ నౌకాదళం చేతిలో ఉంటుంది, వారి విమానాల అవసరాలకు ప్రాధాన్యం ఉంటుంది. అది దేశ రక్షణకు సంబంధించిన విషయం, అలాగే ఉండాలి కూడా. అయితే ఒక్కొక్కప్పుడు గన్నవరంలోనే పది నిమిషాలు ఆగి బయలుదేరవలసి రావచ్చు, లేదా విశాఖ దగ్గర సముద్రం మీద ఒక చుట్టు తిరగవలసి రావచ్చు. ఇంధనం గురించి ఆందోళన అక్కరలేదు. నలభై నిమిషాల ప్రయాణానికి కూడా ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి వెళ్లడానికి సరిపడేంతా, అక్కడికి చేరిన తరువాత మరో అరగంట ఎగరడానికి సరిపడేంతా నింపుకొనే జెట్ విమానం బయలుదేరుతుంది.

జెట్‌కు బదులు ఏటీఆర్, అంటే ప్రొపెల్లర్లతో నడిచే చిన్న విమానం, వస్తే ఎంత ఆలస్యమవుతుందని కూడా అడిగారు. మీరు భయపడినంత కాదు. ఏటీఆర్ 72 గరిష్ఠంగా గంటకు 500 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా పోతుంది, అంటే జెట్ వేగంలో మూడింట రెండు వంతుల కంటే తక్కువ. ఢిల్లీకి అయితే అది గంటకు పైగా తేడా అవుతుంది. ఈ మార్గంలో జెట్ కూడా తన పూర్తి వేగాన్ని వాడుకోలేదు కనుక గాలిలో తేడా ఎనిమిది పది నిమిషాలే. ఏటీఆర్ ఇంజన్లు త్వరగా సిద్ధమై, ప్రయాణికులు తక్కువ ఉండటం వల్ల త్వరగా దించివేసి, ఆ తేడాలో కొంత పూడ్చుకుంటుంది. మీ నాన్నగారి విషయంలో ఆలోచించవలసినది వేగం గురించి కాదు, మెట్ల గురించి. ఏటీఆర్‌కు సాధారణంగా ఏరోబ్రిడ్జి, అంటే టెర్మినల్ నుంచి విమానం తలుపు దాకా మెట్లు లేకుండా నడిచే దారి, తగిలించరు. తలుపుకు ఉన్న మెట్ల మీదుగా ఎక్కాలి, దిగాలి. మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. టికెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని నమోదు చేయించండి, మెట్లు ఎక్కలేరనే విషయం విడిగా చెప్పండి. ఈ రెండూ వేర్వేరు సౌకర్యాల కింద నమోదవుతాయి. మెట్లు ఎక్కగలిగి దూరం నడవలేనివారికి ఒక ఏర్పాటు, అసలు ఎక్కలేనివారికి మరొక ఏర్పాటు ఉంటుంది. రెండో రకంవారి కోసం లిఫ్టు వాహనమో ర్యాంపో సిద్ధం చేయవలసి ఉంటుంది కనుక ముందుగా తెలియకపోతే సిబ్బందికీ ఇబ్బంది, మీకూ ఇబ్బంది.

సొంతంగా లెక్క వేసుకోవడానికి నేను వాడే పద్ధతి చెబుతాను. జెట్ అయితే సరళరేఖ దూరాన్ని కిలోమీటర్లలో తీసుకొని 13 తో భాగించి, వచ్చిన నిమిషాలకు 45 కలపండి. ఏటీఆర్ అయితే 8 తో భాగించి 35 కలపండి. మీ మార్గంలో జెట్‌కు 67 నిమిషాలు, ఏటీఆర్‌కు 71 నిమిషాలు వస్తాయి. టికెట్ల మీద ఉండేది దీనికి ఐదు పది నిమిషాలు అటూ ఇటూ. ఇదే లెక్క విశాఖ నుంచి తిరుపతికి వేయండి. ఆ దూరం దాదాపు 600 కిలోమీటర్లు, అంటే మీ దూరానికి రెట్టింపుకు పైన; జెట్‌కు వచ్చే సమయం మాత్రం గంటన్నర. దూరం రెట్టింపైనా సమయం ఇరవై అయిదు నిమిషాలు కూడా పెరగలేదు. వెబ్‌సైట్లు స్థిరంగా చేర్చే అరగంట చిన్న మార్గాలకు చాలదని దీనిని బట్టి అర్థమవుతుంది: నేల మీద గడిచే సమయానికీ, ఎక్కి దిగే సమయానికీ దూరంతో సంబంధం లేదు. చిన్న నగరాలకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకంలో గంట ప్రయాణాన్ని సుమారు 500 కిలోమీటర్లుగా లెక్కించి రూ. 2,500 ఛార్జీ పరిమితి పెట్టినప్పుడు, ఆ గంట కాగితం మీది కొలబద్దే గాని టికెట్టు మీది సమయం కాదు. 2017 ఏప్రిల్ 27 న ఆ పథకం కింద మొదలైన తొలి సర్వీసులలో మన కడప, హైదరాబాదు మార్గం కూడా ఉన్నది.

నేరుగా పోయే విమానం దొరకని రోజున హైదరాబాదు మీదుగా టికెట్టు చూపిస్తారు. దానిని తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. గన్నవరం నుంచి శంషాబాదుకు సరళరేఖలో 264 కిలోమీటర్లు, అదీ విశాఖకు వ్యతిరేక దిశలో. శంషాబాదు నుంచి విశాఖకు మరో 512. మొత్తం 776 కిలోమీటర్లు, రెండుసార్లు ఎక్కడం దిగడం, మధ్యలో ఎదురుచూపు. ఉదయం బయలుదేరితే నాలుగైదు గంటలు విమానాశ్రయాల్లోనే పోతాయి. ఆ రోజున రైలే మేలు.

ఇక ఇంటి గుమ్మం నుంచి ఆసుపత్రి గుమ్మం వరకు పట్టే సమయం చూద్దాం. బెంజి సర్కిల్ ప్రాంతం నుంచి గన్నవరం ఇరవై కిలోమీటర్ల లోపే అయినా రహదారి రద్దీని బట్టి నలభై నిమిషాలు ఉంచుకోండి. చాలా సంస్థలు దేశీయ విమానాలకు గంట ముందే చెక్-ఇన్ కౌంటరు మూసివేస్తాయి. చక్రాల కుర్చీ కోసం వేచి ఉండాలి కనుక గంటా నలభై అయిదు నిమిషాల ముందు చేరడం మంచిది. ఆపైన బ్లాక్ టైమ్ గంటా పది నిమిషాలు. చక్రాల కుర్చీవారిని అందరూ దిగిన తరువాత చివరన దింపుతారు. సామానుతో కలిపి ముప్పై అయిదు నిమిషాలు. విశాఖ విమానాశ్రయం నగరంలోనే ఉన్నది కాబట్టి అక్కడి నుంచి ఆసుపత్రికి మరో ముప్పై అయిదు. అన్నీ కలిపితే నాలుగు ముప్పావు గంటలు. ఇందులో విమానం ఎగిరేది నలభై నిమిషాలు.

రైలులో అయితే, ఉదయం సికింద్రాబాదు నుంచి బయలుదేరే వందే భారత్ తొమ్మిది ప్రాంతంలో విజయవాడకు వచ్చి మధ్యాహ్నం రెండు లోపు విశాఖ చేరుతుంది. కాలపట్టిక మారుతూ ఉంటుంది కనుక ఆ రోజు సమయాన్ని సరిచూసుకోండి. రెండు స్టేషన్లూ నగరాల నడుమ ఉన్నాయి కాబట్టి ఇంటి నుంచి ఆసుపత్రికి ఆరు గంటల దాకా పడుతుంది. విమానానికీ దానికీ తేడా గంటకు పైన, గంటన్నర లోపు. రత్నాచల్ వంటి రైళ్లకు రైలులోనే ఆరు గంటలకు పైన పడుతుంది, కారులోనూ అంతే.

మీ నాన్నగారి పరిస్థితిలో నేనైతే ఉదయపు విమానమే ఎంచుకుంటాను. ఎంచుకోవడానికి కారణం గంట కలిసి రావడం కాదు. రైలులో నాలుగున్నర గంటలకు పైగా కూర్చోవడం కంటే, విమానంలో గంటా పది నిమిషాలు కూర్చొని, మిగిలిన సమయంలో కాళ్లు చాపుకోవడానికి, లేచి నిలబడటానికి వీలు ఉండటం ఆయన మోకాళ్లకు మంచిది. అయితే డిసెంబరు, జనవరి నెలల్లో గన్నవరంలో తెల్లవారు విమానాలకు పొగమంచు తరచుగా అడ్డం వస్తుంది. దిగలేని విమానాలను హైదరాబాదుకు మళ్లించిన ఉదయాలు చాలా ఉన్నాయి. ఆ నెలల్లో ప్రయాణమైతే మొదటి విమానం వదిలి, ఎండ వచ్చిన తరువాతిది ఉంటే అది తీసుకోండి. అది లేకపోతే రైలుకే మొగ్గు చూపుతాను, మూడు గంటల అపాయింట్‌మెంటుకు అది కూడా సరిపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నదని వింటే ముందురోజు సాయంత్రమే వెళ్లి ఉండటం మేలు. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు విమానాశ్రయ భవనమే దెబ్బతిని కొన్ని రోజులు సర్వీసులు ఆగిపోయాయి.

చివరగా, టికెట్టు కొనే ముందు దాని మీద దిగే విమానాశ్రయం పేరు తప్పక చూడండి. పౌర విమానాలు భోగాపురం దగ్గరి అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి మారినప్పుడు గన్నవరం నుంచి గాలిలో దూరం 290 నుంచి దాదాపు 330 కిలోమీటర్లకు పెరుగుతుంది. నేను చెప్పిన లెక్కలో అది మూడు నిమిషాలే. భోగాపురం నుంచి విశాఖ నగరానికి మాత్రం రోడ్డు మీద నలభై అయిదు కిలోమీటర్లకు పైగా రావాలి. ముప్పై అయిదు నిమిషాలు అనుకున్న చోట గంటా పదిహేను నిమిషాలు వేసుకోవలసి వస్తే, ఇంటి నుంచి ఆసుపత్రికి విమాన ప్రయాణం అయిదున్నర గంటలకు చేరి వందే భారత్‌తో దాదాపు సమానమవుతుంది. అప్పుడు ఛార్జీని, మీ నాన్నగారి సౌకర్యాన్ని చూసి నిర్ణయించుకోండి. వేగం కోసమని విమానం ఎక్కవలసిన అవసరం ఉండదు.